ఆహారములోని ఖనిజ లవణములు – దేహ పోషణలో వాటి పాత్ర



ఒక గుప్పెడు రాగులను గాని, ఒక కట్ట తోటకూరను గాని బాగుగా ఎండబెట్టి నిప్పులో పూర్తిగా కాల్చినచో చివరకు మిగులునది కొద్దిపాటి బూడిద. పిండిపదార్థము, మాంసకృత్తులు, క్రొవ్వు, విటమినులు అన్నియు కాలి పోవును. కాలక మిగిలిన ఆ బూడిదలో నున్నవే ఖనిజ లవణములు. నేటికిని ప్రయోగశాలలలో ఆహారమునందలి ఖనిజముల మొత్తమును తెలిసికొనుటకు ఆహారమును మూసలో నుంచి కాల్చి, ఆ బూడిదను తూచుటయే పద్ధతి. 100 గ్రాముల తెల్లని మరబియ్యమును కాల్చిన మిగులు బూడిద అర గ్రాము పైచిలుకు మాత్రమే. అంతే తూకముగల రాగులలో అది రెండు గ్రాములకు పైన ఉండును. చూచుటకు ఇది స్వల్ప భేదమే. కాని ఎముక బలము, రక్తపు పుష్టి, పిల్లల ఎదుగుదల ఈ స్వల్ప భేదము మీదనే చాలవరకు ఆధారపడి యున్నవి.

పంచభూతాత్మకమైన దేహమునందు పృథివీ భూతపు అంశ కఠినత్వము, స్థిరత్వము, బరువు ఇచ్చునని ఆయుర్వేదము చెప్పును. ఎముకలు, దంతములు, గోళ్లు ఇందుకు నిదర్శనములు. రస, రక్త, మాంస, మేదో, అస్థి, మజ్జ, శుక్రములను సప్త ధాతువులలో రక్తమునకు ఇనుము, అస్థికి సున్నపు ధాతువగు కాల్షియం ఎంత ముఖ్యములో ఆధునిక శాస్త్రము విడమరచి చూపినది. ఆయుర్వేదపు ధాతువును, రసాయన శాస్త్రపు మూలకమును ఒకటిగా చేసి చెప్పుట నా ఉద్దేశ్యము కాదు. రెండు శాస్త్రములును ఆహారమునే మొదటి ఔషధముగా తలచినవని మాత్రము గుర్తుచేయుచున్నాను.

ఖనిజములు ఎక్కడ నుండి వచ్చును?

మన శరీరము కొన్ని విటమినులను తానే తయారు చేసికొనగలదు. ఎండ సోకిన చర్మము 'డి' విటమినును తయారు చేయును. కాని ఒక్క అణువంత ఇనుమును గాని, కాల్షియమును గాని ఏ జీవియు పుట్టింపజాలదు. అవి నేలలో పుట్టి, నీటిలో కరిగి, వేళ్ల ద్వారా మొక్కలలో చేరి, ఆకు, గింజ, పాలు, మాంసముల రూపమున మనకు అందవలసినదే. అందుచేత నేలలో లోపించినది పంటలో లోపించును. పంటలో లోపించినది పళ్లెములోను లోపించును.

మన రైతు సోదరులకు ఈ సత్యము క్రొత్త కాదు. వరి నారు నాటిన కొన్ని వారములకు ఆకులపై తుప్పురంగు మచ్చలు పడి పైరు గిడసబారినచో జింకు సల్ఫేటు వేయుదురు. ఆ తెగులునకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమున డాక్టర్ వై.ఎల్. నేనె కనుగొనిరి. ఏ ఒక్క పోషకము తక్కువైనను మిగిలినవి ఎన్ని ఉన్నను పైరు ఆ తక్కువ దానికి తగినంతయే పెరుగునను సూత్రము వ్యవసాయ శాస్త్రమున ప్రసిద్ధము. మనుష్య దేహమునకును ఇది చాలవరకు వర్తించును. నెయ్యి, పప్పు, పాలు ఎన్ని ఉన్నను ఇనుము లేనిచో రక్తము పట్టదు.

ఇంకొక విశేషము. ఆకునకు పచ్చదనమిచ్చు పత్రహరితపు నడుమ మెగ్నీషియం అణువు కలదు. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్ యందు దానిని పోలిన నిర్మాణముననే ఇనుప అణువు కలదు. విటమిను 'బి12' నడుమ కోబాల్టు కలదు. చెట్టునకు, మనిషికి ప్రాణాధారమైన పదార్థములు రెండును ఒక్కొక్క లోహపు అణువు చుట్టును అల్లబడియున్నవి. ఖనిజమనగా శరీరమున ఊరక పడియుండు మట్టి కాదనుటకు ఇంతకన్న వేరు ఋజువు అక్కరలేదు.

రెండు తరగతులు

మన శరీరపు బరువులో సుమారు నాలుగు శాతము ఖనిజములు. 60 కిలోల మనిషిలో అవి రెండున్నర కిలోలకు కొంచెము తక్కువగా ఉండును. దినమునకు 100 మిల్లీగ్రాములకు మించి కావలసినవి మొదటి తరగతి. కాల్షియం, భాస్వరము, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, క్లోరిన్, గంధకము ఇందులోనివి. అంతకంటె తక్కువగా కావలసినవి రెండవ తరగతి. ఇనుము, జింకు, రాగి, అయోడిన్, సెలీనియం, మాంగనీసు మొదలగునవి ఇందు చేరును. తక్కువ కావలెను గనుక తక్కువ ముఖ్యమని తలపరాదు. అయోడిన్ పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. అది ఆవగింజంతయు కాదు. కాని అదియు గర్భిణికి చాలకున్నచో పుట్టు బిడ్డ మెదడు ఎదుగుదలయే కుంటుపడవచ్చును.

అన్నిటిని గురించి ఒక్క వ్యాసమున వివరించుట సాధ్యము కాదు. మన ప్రాంతమున ఎక్కువ కీడు చేయుచున్న లోపములను, ఒక అధికమును మాత్రమే ఇచట విస్తరించి చెప్పెదను.

ఇనుము – రక్తపు పుష్టి

పెద్దవారి దేహమున ఉండు ఇనుము మొత్తము మూడు, నాలుగు గ్రాములు. ఒక చిన్న మేకునకు సరిపోవునంత. అందు మూడింట రెండు వంతులు రక్తములోని హీమోగ్లోబిన్‌లో ఉండి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును అవయవములన్నిటికి చేరవేయును. ఎర్రకణములు సుమారు 120 దినములు బ్రదికి నశించును. అప్పుడు వానిలోని ఇనుమును దేహము పారవేయక మరల క్రొత్త కణములకు వాడుకొనును. ఇంత పొదుపరియైన దేహమునకును ఇనుము చాలకపోవుటకు కారణములు మూడు: రక్తము పోవుట, తిన్నది ఒంటబట్టకపోవుట, తినునదియే తక్కువగుట. ఋతుస్రావము, కాన్పులు, కొంకిపురుగులు, మూలవ్యాధి మొదటి దానికి ఉదాహరణములు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతము, తెలంగాణలో 57.6 శాతము. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతము, తెలంగాణలో 70 శాతము. అనగా మీ వీధిలో నడచిపోవు ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి రక్తము చాలదు. ఇది ఒక ఇంటి సమస్య కాదు, ఊరి సమస్య.

చరకాచార్యులు పాండురోగమును ఐదు విధములుగా చెప్పుచు అందు ఒకదానిని 'మృద్భక్షణజ పాండువు' అనిరి. మన్ను తినుట వలన కలుగు పాండువని అర్థము. మన్ను, బలపము, గోడ సున్నము, బూడిద, పచ్చి బియ్యము తినవలెనను కోరిక రక్తహీనతతో ముడిపడి ఉండుటను ఆధునిక వైద్యులును గుర్తించిరి. ఇనుము తగ్గినవారిలో ఈ కోరిక పుట్టును. తిన్న మన్ను ప్రేగులలో ఇనుమును మరింత అడ్డగించును. ఇదొక విషవలయము.

కొంతకాలము క్రిందట ఇరువది నాలుగేండ్ల గృహిణిని నా యొద్దకు తీసికొని వచ్చిరి. మూడేండ్లలో రెండు కాన్పులు. ఉదయము మొదలు రాత్రి వరకు కొంగున పచ్చి బియ్యము మూటగట్టి నములుచుండెడిది. అత్తగారు దానిని దురలవాటుగా తలచి తిట్టుచుండిరి. బిందె ఎత్తినచో ఆయాసము, గోళ్లు చెంచావలె లోతుకు వంగుట, నాలుక నున్నబడుట చూచి రక్తపరీక్ష చేయింపగా హీమోగ్లోబిన్ 7.8 గ్రాములు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఇచ్చిన ఇనుప మాత్రలు ఆమె ఇంటనే ఉన్నవి. మలము నల్లబడుటతో భయపడి మానివేసెనట. అన్నము తిన్న వెంటనే టీ త్రాగు అలవాటును ఉన్నది.

నేనామెకు క్రొత్త మందేమియు వ్రాయలేదు. మలము నల్లబడుట మాత్ర వలన కలుగు సహజ విషయమని, భయము లేదని చెప్పితిని. డాక్టరుగారు వ్రాసిన మాత్రనే నిమ్మరసము కలిపిన నీటితో తీసికొమ్మని, టీని భోజనమునకు రెండు గంటల దూరము జరుపుమని, నులిపురుగుల మందు మరల వేయించుకొమ్మని సూచించితిని. అత్తగారితో విడిగా మాటలాడి, కోడలు అందరితో పాటు కూర్చుండి భోజనము చేయవలెనని, కుండ అడుగున మిగిలినది ఆమె పాలు కారాదని చెప్పితిని. కొన్ని వారములలోనే బియ్యము మీది కోరిక పోయినది. మూడు నెలలకు హీమోగ్లోబిన్ 10.9కి చేరినది. ఆ ఇంట మార్చినది మందును కాదు, మందు ఒంటబట్టు మార్గమును మాత్రమే.

భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన ప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాములు, ఋతుస్రావము గల స్త్రీకి 29, గర్భిణికి 27 మిల్లీగ్రాముల ఇనుము ఆహారమున ఉండవలెను. నిజమునకు దేహమున చేరవలసినది ఇందులో చిన్న భాగమే. శాకాహారములోని ఇనుము పదింట ఒక వంతు కూడ ఒంటబట్టదు గనుకనే లెక్క ఇంత ఎక్కువగా కట్టిరి. మాంసము, చేప, కార్జములలోని ఇనుము ఇంతకంటె సులభముగా ఒంటబట్టును.

సజ్జలు, రాగులు, జొన్నలు, ఉలవలు, శనగలు, అలసందలు, నువ్వులు, తోటకూర, మునగాకు ఇనుము గల శాకాహారములు. వీనితో పాటు పుల్లని 'సి' విటమిను ఉన్న నిమ్మ, ఉసిరి, జామ, టమాటా ఏదైన నొకటి ఉన్నచో ఇనుము ఎక్కువగా ఒంటబట్టును. టీ, కాఫీలలోని వగరు పదార్థము దానిని అడ్డగించును. ప్రాచీనుల నవాయస చూర్ణమున లోహభస్మముతో పాటు త్రిఫల చేరుటయు, త్రిఫలలో ఉసిరిక ఉండుటయు ఈ సందర్భమున గమనింపదగిన విషయము.

కాల్షియం – అస్థి బలము

పెద్దవారి దేహమున కాల్షియం సుమారు ఒక కిలో ఉండును. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోను, పండ్లలోను ఉన్నది. మిగిలిన ఒక పాలు గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు, నరముల సందేశములకు, గాయమైనప్పుడు రక్తము గడ్డకట్టుటకు తోడ్పడును. రక్తములో కాల్షియం తగ్గిన మరుక్షణమే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుండి దానిని తీసి రక్తమునకు అందించును. ఎముక మనకు ధాన్యపు గాదె వంటిది. ప్రతిదినము తీయుచు తిరిగి పోయనిచో గాదె వట్టిపోవును. నలుబది, ఏబది ఏండ్లు దాటిన స్త్రీలకు, ముఖ్యముగా ముట్లుడిగిన పిదప, చిన్న పడుటకే తుంటి ఎముక విరుగుట ఈ కారణము చేతనే.

పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు, పాలిచ్చు తల్లికి 1200 మిల్లీగ్రాములు కావలెను. 100 గ్రాముల తెల్లబియ్యమున కాల్షియం పది మిల్లీగ్రాములు కూడ లేదు. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 120, రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. ఉత్తరాంధ్రలో చోళ్లని, తెలంగాణలో తైదలని పిలుచు ఈ రాగులు పేదవాని పాలవంటివి. అంబలి, సంకటి మానివేసి మూడు పూటలు తెల్లన్నమే తినుట నాగరకతగా తలచిన కుటుంబములు తమకు తెలియకయే గాదెను ఖాళీ చేసికొనుచున్నవి.

నువ్వులలో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు మించి కాల్షియం కలదు. కాని పొట్టులోని ఆక్సలేటు వలన అందు కొంత ఒంటబట్టదు. పాలకూరయు అట్టిదే; కాల్షియం ఉన్నను ఆక్సలేటు దానిని పట్టి ఉంచును. కాల్షియం కొరకు అవిసాకు, మునగాకు, తోటకూర, కరివేపాకు మేలు. ఇంకొక సంగతి: 'డి' విటమిను లేనిచో కాల్షియం ఎంత తిన్నను ప్రేగు గ్రహింపదు. కావున కాళ్లు, చేతులు కప్పక కొంతసేపు ఎండలో ఉండుట అవసరము.

ఫ్లోరైడు – అధికమైనచో విషము

ఖనిజములు లోపించుట వలననే గాక అధికమగుట వలనను కీడు కలుగును. ఇందుకు తెలుగు నేలయే దుఃఖకరమైన ఉదాహరణము. నీటిలోని ఫ్లోరైడు ఎముకలను పాడుచేయునని మన దేశమున వైద్య పత్రికలలో తొలుత వెలువడినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామముల నుండి. తరువాత నల్గొండ జిల్లాలో వేలమంది నడుము వంగి, మెడ తిరుగక, కీళ్లు బిగిసి జీవచ్ఛవములైరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు అక్కడి యువకులలో మోకాళ్లు లోపలికి వంగి తగులుకొనుటను వర్ణించిరి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండుట మేలు. వేరు నీరు దొరకనిచో 1.5 వరకు భారత ప్రమాణము అనుమతించును.

ఇచట పాఠకులు రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. మొదటిది, నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. గుడ్డతో వడకట్టుటయు వ్యర్థమే. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి తేర్చుపద్ధతి 'నల్గొండ పద్ధతి'గా ప్రసిద్ధి చెందినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ దానిని రూపొందించెను. రెండవది, కాల్షియం తక్కువగా తినువారిలో ఫ్లోరైడు కీడు హెచ్చు. ఒకే బావినీరు త్రాగు రెండు ఇండ్లలో పాలు, రాగులు గల ఇంటికంటె అవి లేని ఇంటి పిల్లలే ఎక్కువ బాధపడుదురు. చింతపండు ఆహారమున చేర్చినచో మూత్రము ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరుగునని జాతీయ పోషకాహార సంస్థవారు పాఠశాల బాలురపై పరిశోధించి 2002లో ప్రకటించిరి. పులుసు మన వంటలో రుచికి మాత్రమే ఉన్నది కాదన్నమాట! అయినను అసలు మందు మంచినీరే. నదీజలము గొట్టముల ద్వారా వచ్చిన ఊళ్లలో క్రొత్తగా పుట్టు బిడ్డలకు ముప్పు తగ్గినది. ఒకసారి వంగిన ఎముకలు మాత్రము తిరిగి సరికావు.

అయోడిన్, జింకు

కంఠమణి కడనున్న థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్ కలదని 1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బౌమన్ కనుగొనెను. అది చాలనిచో గ్రంథి ఉబ్బి గళగండమగును. మన ఆయుర్వేద గ్రంథములు వర్ణించిన గళగండములో ఇదియు చేరును. వానలు, వరదలు కొండ నేలలలోని అయోడిన్‌ను కడిగివేయును గనుక కొండ ప్రాంతములలో ఈ లోపము హెచ్చు. శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు హిమాలయ సానువులలోని కాంగ్రా లోయలో 1956 మొదలు ఏండ్ల తరబడి పరిశోధించి, ఉప్పులో అయోడిన్ చేర్చినచో గళగండము తగ్గునని నిరూపించిరి. 1962లో జాతీయ గళగండ నివారణ పథకము ప్రారంభమైనది. ఒక తెలుగు వైద్యుని కృషి దేశమునందలి ఎందరో పిల్లల బుద్ధి వికాసమునకు తోడ్పడినది. అయోడిన్ ఉప్పును మూత గట్టిగా ఉన్న సీసాలో తేమ తగులక, పొయ్యికి దూరముగా ఉంచవలెను. కూర దించిన పిదప వేయుట మేలు.

జింకు మూడు వందలకు పైగా ఎంజైములకు ఆధారము. ఎదుగుదల, గాయములు మానుట, రోగనిరోధక శక్తి దానిమీద ఆధారపడును. దీని లోపము వలన మనుష్యులు పొట్టిగా మిగిలిపోవుదురని 1960 ప్రాంతమున ఇరాన్‌లో భారతీయ సంతతి వైద్యుడు ఆనంద ప్రసాద్ గుర్తించిరి. అక్కడివారు పులియబెట్టని గోధుమ రొట్టె తినుచు, మన్నును తినుచుండిరి. గింజల పొట్టులోని ఫైటేటు అను పదార్థము జింకును పట్టి ఉంచును. పులియబెట్టుట, మొలకెత్తించుట వలన ఆ పట్టు సడలును. మన ఇడ్లీ, దోసె, అంబలి, మొలకలు ఈ దృష్టితో ఎంత తెలివైన వంటలో గ్రహింపుడు. పిల్లల విరేచనములలో ఉప్పు-చక్కెర ద్రావణముతో పాటు 10 నుండి 14 దినములు జింకు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నుండి చెప్పుచున్నది. మోతాదు వైద్యుడు నిర్ణయించును.

ఉప్పు, పొటాషియం

సోడియం జీవకణముల వెలుపల, పొటాషియం లోపల ఉండి నీటి సమతూకమును కాపాడును. వాంతులు, విరేచనములు అయినప్పుడు ఈ లవణములు పోయి ప్రాణాపాయము కలుగును. అపుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. చెంచా అనగా టీ చెంచా. ఉప్పు ఎక్కువైనచో కీడు గనుక కొలత తప్పరాదు. మామూలు దినములలో మాత్రము మనకు సోడియం ఎక్కువే గాని తక్కువ కాదు. దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. ఊరగాయ, అప్పడము, వడియము, పచ్చడి ఒకే పూట ఉన్న విస్తరిలో ఇది సులభముగా దాటిపోవును. అధిక లవణము రక్తపోటును పెంచును. మూత్రములో కాల్షియమును కూడ తోడుకొని పోవును.

వంటింట పాటింపదగిన సూత్రములు

1. దినమునకు ఒక పూటయైనను రాగి, జొన్న, సజ్జ, కొర్రలలో ఏదైన ఒకటి తినవలెను.
2. ఆకుకూర కట్టను కోయుటకు ముందే కడుగవలెను. కోసిన పిదప కడిగినచో, ఉడికిన నీటిని పారబోసినచో లవణములు నీటిపాలగును. గంజి వార్చినచో దానిని పారవేయక త్రాగుడు.
3. ఆకుకూర, పప్పు తిను పూట నిమ్మ, ఉసిరి, జామలలో ఒకటి ఉండవలెను. నిమ్మరసము కూర దించిన పిదపనే పిండవలెను. వేడికి 'సి' విటమిను నశించును.
4. టీ, కాఫీలు భోజనమునకు ముందు ఒక గంట, తరువాత రెండు గంటలు మానవలెను.
5. ఇనుప బాణలిలో వండినచో, అందును పుల్లని కూర వండినచో, కొంత ఇనుము కూరలో చేరును. ఉడికిన వెంటనే వేరొక పాత్రలోనికి మార్చవలెను.
6. ఇనుప మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మ్రింగరాదు. రెంటికిని నడుమ కనీసము రెండు గంటలు ఉండవలెను.

కొన్ని గృహ యోగములు

మొలకల రాగి జావ: రాగులను కడిగి ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి గుడ్డలో మూటగట్టి మొలకలు వచ్చువరకు ఉంచవలెను. తరువాత నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించుకొనవలెను. రెండు చెంచాల పిండిని నీటిలో ఉండలు లేకుండ కలిపి ఉడికించి, పాలు, బెల్లము గాని, మజ్జిగ, ఉప్పు గాని చేర్చి త్రాగవలెను. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఉప్పు, తీపి లేకుండ పాలతో పలుచగా ఉడికించి ఇయ్యవచ్చును.

చిమ్మిలి: దోరగా వేయించిన నువ్వులు, బెల్లము సమపాళ్లలో దంచి ఉసిరికాయంత ఉండలు చేసికొనవలెను. ఆడపిల్ల పుష్పవతియైనపుడు చిమ్మిలి పెట్టుట మన పెద్దల ఆచారము. ఋతుస్రావము ప్రారంభమగు వయస్సున ఇనుము, కాల్షియం రెండును అధికముగా కావలెను గనుక ఆ వేడుక ముగిసిన పిదపను వారమునకు మూడు, నాలుగు దినములు పెట్టుట శ్రేయము. మధుమేహము గలవారికి ఇది తగదు.

మునగాకు పొడి: నీడన ఎండిన మునగాకు, వేయించిన శనగపప్పు, ఎండుమిరప, జీలకర్ర, కొద్ది ఉప్పు కలిపి దంచుకొనవలెను. మొదటి ముద్దలో చెంచా పొడి వేసి, నిమ్మరసము పిండి తినవలెను. ఆషాఢమున మాత్రమే గాక సంవత్సరము పొడుగునను దీనిని వాడవచ్చును.

హెచ్చరికలు

రక్తహీనత ఒకసారి ముదిరిన తరువాత ఆహారముతో మాత్రమే నయము చేయజూచుట ప్రమాదకరము. ఆహారము లోపము రాకుండ కాపాడును. వచ్చిన లోపమును తీర్చుటకు మాత్ర కావలెను. గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఇనుముతో ఫోలిక్ ఆమ్లము చేర్చిన మాత్రలను 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. వానిని అటక మీద దాచకుడు. గర్భిణికి హీమోగ్లోబిన్ 7 గ్రాముల లోపు ఉన్నచో ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కాన్పు సమయమున కొద్దిపాటి రక్తస్రావము కూడ అట్టి తల్లి ప్రాణమునకు ముప్పు తెచ్చును.

రక్తహీనతలన్నియు ఇనుము లోపము వలననే కలుగవు. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులు గలవారు పరీక్ష లేక ఇనుము వాడరాదు. పురుషులకు, ముట్లుడిగిన స్త్రీలకు రక్తము తగ్గినచో లోపల ఎచటనైన రక్తస్రావమున్నదేమో పరీక్షింపవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు కొబ్బరినీరు, పండ్లరసములు వైద్యుని అడుగక త్రాగరాదు. వారికి పొటాషియం పేరుకొనును.

మరియొక ముఖ్యమైన మాట. లోహభస్మము, మండూర భస్మము వంటివి సంతలలోను, ఇంటింట అమ్మువారి వద్దను కొని వాడకుడు. శోధన, మారణములు సక్రమముగా జరుగని భస్మములలోను, కల్తీ మందులలోను సీసము, పాదరసము ఉండి మూత్రపిండములను, మెదడును చెరచవచ్చును. అనుభవజ్ఞుడైన వైద్యుని పర్యవేక్షణలో, అనుమతి పొందిన తయారీ మందులనే వాడవలెను. ఆయుర్వేదమునందు గౌరవము గలవాడనగుట చేతనే ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను.

ఈ వ్యాసము చదివిన ప్రతి గృహస్థును నేను కోరునది ఒక్కటే. ఈ వారమే మీ ఇంటి స్త్రీలకు, ఎదిగిన ఆడపిల్లలకు సమీపములోని ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయింపుడు. మీ బోరునీటిని ఒకసారి ఫ్లోరైడు కొరకు పరీక్షకు పంపుడు. తెల్లన్నము ప్రక్కన కొంచెము సంకటి, ఒక ఆకుకూర, ఒక నిమ్మచెక్క చేర్చుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వండి వడ్డించు ఇల్లాలు చివర తినుటకు బదులు అందరితో పాటు తినునట్లు చూడుడు. ఖనిజములు చవకగా లభించునవే. వానిని సరియైన విస్తరికి చేర్చు బాధ్యత మనది.